ఉప్పు తగిలిన సున్నా

పోయినవారం డాక్టరమ్మగారు మా సైన్సు గది మెట్లెక్కి వచ్చి, పిల్లలందరి ముందూ నన్ను సబ్బు లేకుండా ఉతికేసి, "నా మైక్రోస్కోపు నాకు పంపించెయ్యండి. ఇక మీకూ నాకూ చెల్లు" అనేసి చరచరా దిగిపోయిన దగ్గర ఆగాం. అంత కోపానికి కారణం లైబ్రరీ గోడ మీద ఎర్ర సిరాతో రాసిన ఒక్క అంకె.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. పాతవాళ్ళు విసుక్కోకండి. నేను బట్టలు కుట్టేదాన్ని. మా పేటలో బడి పిల్లల యూనిఫారాలు చాలామటుకు నా మిషను మీద నుంచే వెళతాయి. నా కొట్టు మీద ఒక గది ఖాళీగా పడి ఉంటే, మా అన్నయ్య కూతురు నన్ను పీక్కుతిని దాన్ని పిల్లల సైన్సు గది చేయించింది. పాలగిన్నె కనబడినా, బకెట్లో నీళ్ళు కనబడినా థర్మామీటరు ముంచకుండా ఉండలేదు కాబట్టి గదిలో వాళ్ళంతా ఆ పిల్లని 'జ్వరం' అంటారు. అదీ పలుకుతుంది.

గది ఉంటే సరిపోతుందా? సామాను కావాలి, నేర్పేవాళ్ళు కావాలి. అందుకోసం ఊరంతా తిరిగి పది చేతులు కలిపింది నేనే. ఈ విషయంలో నాకో కిటుకు ఉంది. ఎవరి గుమ్మం తొక్కినా "మీరు పారేసేదే ఇవ్వండి, చాలు" అంటాను. ముక్కగుడ్డ అడిగితే ఏ దర్జీ అయినా లేదంటాడా? అలా బస్సు డిపో వాళ్ళు తెగిన వైర్లు ఇచ్చారు. బేకరీ మావయ్య అట్టపెట్టెలు ఇచ్చాడు. ఐసు ఫ్యాక్టరీ బాబాయ్ కింద రాలిన ఐసు ముక్కలు పంపుతాడు. గుడ్ల పిన్ని పొదగని గుడ్లు ఇస్తుంది. పొదిగే పెట్టెల్లో గుడ్లు పెట్టి కోడిపిల్లల్ని చేసి అమ్మడం ఆవిడ వ్యాపారం, పిల్లలందరికీ పిన్ని, నాకు వదిన. డాక్టరమ్మగారిని నేను అడిగింది ఖాళీ మందు సీసాలు. ఆవిడ సీసాలతో పాటు తన మైక్రోస్కోపు కూడా పంపించారు. అడక్కుండా మంచి వస్తువు ఇచ్చింది ఆవిడొక్కతే.

ఆ తర్వాత పిల్లలు సొంతంగా థర్మామీటర్లు తయారుచేశారు. గాజువి కావు, అంకెలు వెలిగేవి. వాటిని పట్టుకుని ఊళ్ళో ఏ చల్లపెట్టె ఎంత చల్లగా ఉందో కొలిచి, పెద్ద కాగితం మీద రాసి, లైబ్రరీ గోడకి అంటించారు. చంటిపిల్లల టీకా మందులుండే డాక్టరమ్మగారి ఫ్రిజ్జు దగ్గర 'పది' అని ఉంది. ఎనిమిది దాటకూడదట. ఇంకేముంది, ఊరు చెవులు కొరుక్కుంది. తల్లులు ఆ క్లినిక్కు ముందు నుంచి పిల్లల్ని చంకనేసుకుని వెళ్ళిపోవడం నేను కళ్ళారా చూశాను.

ఈ సాయంత్రం మీటింగు. లైబ్రరీ కింద ఉన్న పెద్ద హాలు, కొళాయి, కిటికీలు, తాళం వేసుకునే బీరువాలు సహా మా పిల్లలకి ఇచ్చేయాలా వద్దా అన్నది ఇవాళ తేలుతుంది. మా గది వాన పడితే కారుతుంది, ఎండ కాస్తే కాలుతుంది. ఆ హాలు వస్తే మా పిల్లల పంట పండినట్టే.

*

మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు బల్లలు తుడుస్తున్నారు. మా జ్వరం ఐసు డబ్బా ముందు కూర్చుని సాయంత్రం చెప్పబోయేది వల్లె వేస్తోంది.

"అత్తా, అందరి ముందూ సున్నా పట్టించి చూపిస్తాను. అప్పుడు ఎవ్వరూ మన మీటరు తప్పు అనలేరు."

సున్నా పట్టించడం అంటే ఏమిటో నాకు అది వందసార్లు చెప్పింది. నీళ్ళలో ఐసు కరుగుతున్నంతసేపూ ఆ నీళ్ళు సరిగ్గా సున్నా డిగ్రీల దగ్గరే ఉంటాయి. కొత్త మీటరుని అందులో ముంచి, 'ఇదిగో, ఇదే సున్నా' అని దానికి నేర్పాలి. ఇక అక్కణ్ణుంచి అది పైకీ కిందకీ లెక్క వేసుకుంటుంది. మొదటి అడుగు సరిగ్గా పడితే మిగతా నడకంతా సరిపోతుందన్నమాట.

నేను వచ్చేవాళ్ళకి నిమ్మరసం కలుపుతున్నాను. రుచి చూద్దామని గ్లాసులో పోసుకుని, ఆ డబ్బాలోంచి రెండు ఐసు ముక్కలు తీసి వేసుకున్నాను. కాస్త ఆగి ఒక్క గుక్క తాగానో లేదో, కిటికీలోంచి ఉమ్మేశాను.

"ఛీ! ఇదేం ఖర్మ!"

"పంచదార బదులు ఉప్పు పోశావా అత్తా?" అంది నవ్వుతూ.

"నోర్ముయ్. నీ వయసు నుంచి వంట చేస్తున్నాను. ఇదిగో పంచదార డబ్బా, నాకి చూడు."

అది నాకింది. పంచదారే. గిన్నెలో నిమ్మరసం గరిటెతో తీసుకుని తాగింది. తియ్యగా, పుల్లగా బ్రహ్మాండంగా ఉంది. నా గ్లాసులోదే ఉప్పగా ఉంది. దాని నవ్వు అక్కడితో ఆగిపోయింది. డబ్బాలోంచి ఒక ఐసు ముక్క తీసి నాలిక మీద పెట్టుకుంది. అడుగు నుంచి ఇంకొకటి తీసింది. పక్క నుంచి మరొకటి. తర్వాత స్టూలు మీద కూలబడింది.

"ఏమైందే? అలా చూస్తావేంటి, భయమేస్తోంది."

"ఉప్పు కలిస్తే ఐసునీళ్ళు సున్నా దగ్గర ఉండవత్తా. ఇంకా కిందకి పోతాయి."

"పోతే పోనీ. ఇంకా చల్లగా ఉంటాయి. మంచిదేగా?"

"మంచిది కాదు. సున్నాకి మూడు డిగ్రీల కింద ఉన్న నీళ్ళలో ముంచి, ఇదే సున్నా అని మీటరుకి నేర్పామనుకో. ఆ తర్వాత అది ప్రతిదానికీ మూడు కలిపి చెబుతుంది."

నాకు చప్పున మా టేపు గుర్తొచ్చింది. మొదటి మూడంగుళాలూ తెగిపోయిన టేపుతో కొలిస్తే ముప్పై నడుము ముప్పైమూడు అని చూపిస్తుంది. ఆ కొలతకి కుట్టిన లంగా నిలబడదు, జారిపోతుంది.

"అయితే డాక్టరమ్మగారి ఫ్రిజ్జు..."

"ఏడు, అత్తా. పది కాదు, ఏడు. ఆవిడ ఫ్రిజ్జు మంచిదే."

"మరి అన్ని మీటర్లూ ఒకే అంకె చూపించాయి కదే! ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశారు కదా!"

"అన్నిటికీ ఈ ఐసుతోనే నేర్పాం" అంది అది. "అన్నీ ఒకే మాట చెప్పేసరికి నిజమనుకున్నాం. ఫ్రిజ్జులో ఉన్న ఆవిడ పాత థర్మామీటరు ఏడు చూపిస్తుంటే, అది ముసలిదయిపోయిందని నవ్వాను అత్తా. ఆవిడ ముందే నవ్వాను."

పిల్లాడొకణ్ణి పంపితే ఐసు బాబాయ్ పరుగున వచ్చాడు. మనిషి భారీగా ఉంటాడు, మెట్లెక్కేసరికి ఆయాసం. ఐసుకి ఉప్పెలా తగిలిందని నేను కోర్టు వకీల్లా నిలదీశాను.

"తగలక ఏమవుతుందక్కయ్యా? నీళ్ళు పోసిన డబ్బాలని ఉప్పునీళ్ళ తొట్టిలో దింపుతాం. తొట్టి గడ్డకట్టకుండా డబ్బాల్లో నీళ్ళు గడ్డకట్టాలంటే ఉప్పు ఉండాల్సిందే. డబ్బా పైకి లాగేటప్పుడు తొట్టి గట్టు మీద ముక్కలు రాలతాయి. అవి ఆ ఉప్పునీళ్ళలోనే నానుతుంటాయి."

"ఆ ముక్కలు మాకు పంపుతావా!"

బాబాయ్ మొహం ఎర్రబడింది. "భలేదానివే! మీరేగా పారేసేదే చాలన్నారు? చేపల పెట్టెల్లోకి వెయ్యడానికేమో అనుకున్నాను. మంచి ఐసు కావాలని ఒక్క మాటంటే దిమ్మె పగలగొట్టి పంపనూ? నేనేమన్నా కాదన్నానా?"

అతను కాదనలేదు. నేనే అడగలేదు. కాదంటాడేమో అన్న భయంతో ఎవర్నీ మంచిది అడక్కుండా, దానికి కిటుకు అని పేరు పెట్టుకుని, ఇన్నాళ్ళూ నా తెలివికి నేనే మురిసిపోయాను.

*

బాబాయ్ పిల్లల్ని తీసుకుని కిందకి వెళ్ళాక, గదిలో నేనూ అదీ మిగిలాం. నా బుర్ర కుట్టుమిషను చక్రంలా తిరుగుతోంది.

"చూడమ్మడూ," అన్నాను మెల్లిగా, "ఇవాళ మీటింగు కానీ. హాలు తాళంచెవి చేతికి రానీ. రేపు పొద్దున్నే ఇద్దరం డాక్టరమ్మ ఇంటికి వెళదాం. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"రేపెందుకు?"

"ఎందుకంటే ఇవాళ అందరూ మన వైపు ఉన్నారే! పిల్లలు ఊరికి మేలు చేశారని పొగుడుతున్నారు. ఇప్పుడు నువ్వెళ్ళి, అబ్బే అదంతా తప్పండీ అన్నావనుకో, ఏ మొహం పెట్టుకుని హాలు అడుగుతాం? మళ్ళీ జన్మలో ఎవరైనా మన అంకె నమ్ముతారా?"

"అదే నాకూ భయం" అంది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈ గది పోతే నాకేం మిగలదత్తా. బడిలో నేను వెనక బెంచీ. ఇక్కడే నా మాటకి విలువ. కానీ ఆవిడ పేరు గోడ మీద ఉంది. రాసింది నేను. ఈ సాయంత్రం ఆవిడ అక్కడికొచ్చి, మళ్ళీ అందరితో మాటలు పడుతుంటే, నేను తెలిసీ కూర్చోనా?"

"ఒక్క పూటేగా?"

"నాతో కాదత్తా."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద అంటే చెప్పలేను. "నీ ఇష్టం! చెట్టంత పిల్లవయ్యావు, నీకు నేను చెప్పేదేముంది!" అని నిమ్మరసం గిన్నె మీద మూత ధడేల్మని పెట్టాను. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో దాన్ని చూస్తే భయమూ వేసింది, కావలించుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేక మూత మీద చూపించాను నా ప్రతాపం.

అది మొహం కడుక్కుని కిందకి దిగింది. బాబాయ్ ఇంకా అరుగు మీదే దిగాలుగా కూర్చుని ఉన్నాడు.

"బాబాయ్, నాకు ఒక దిమ్మె కావాలి. మంచినీళ్ళతో కడిగింది."

"అమ్మేదా?"

"అమ్మేదే."

ఆ మాట మా గది తరఫున ఎవరైనా అనడం అదే మొదలు. బాబాయ్ లేచి, తువ్వాలు విదిలించి భుజాన వేసుకుని వెళ్ళాడు. పనివాళ్ళెవరికీ ఇవ్వకుండా గోనెపట్టాలో చుట్టిన దిమ్మెని తనే మోసుకొచ్చాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది.

*

లైబ్రరీ హాలు నిండిపోయింది. డిపో ఫోర్‌మన్, బేకరీ మావయ్య, తల్లులూ తండ్రులూ ముందు వరసల్లో ఉన్నారు. గుడ్ల పిన్ని ఒక్కతే రాలేదు. ఆవిడ పెట్టెలో గుడ్లు పిల్లలయ్యే సమయం దగ్గరపడింది, వదిలి రాలేనని కబురు పంపింది. డాక్టరమ్మగారు తలుపు పక్క కుర్చీలో, ఒళ్ళో సంచీ పెట్టుకుని, వీపు కుర్చీకి ఆనించకుండా కూర్చున్నారు. తిరిగి ఇచ్చేయడానికి మేము తెచ్చిన మైక్రోస్కోపు బల్ల మీద గుడ్డ కప్పుకుని ఉంది. పిల్లల పెద్ద కాగితాన్ని లైబ్రరీ మాస్టారు పైనుంచి తెప్పించి ఈ హాలు గోడకే అంటించారు, శోభగా ఉంటుందని. ఎర్రటి పది అందరి కళ్ళలోనూ పడుతోంది.

మాస్టారు లేచి గొంతు సవరించుకున్నారు. మంచాయనే కానీ మైకు దొరికితే వదలరు.

"ఈ హాలు పిల్లలకివ్వాలని కమిటీ నిర్ణయించింది. ఒక షరతు పెట్టాం. ఇన్నాళ్ళూ సాయం చేసిన వాళ్ళంతా ఇక ముందు కూడా ఈ పిల్లల పూచీ తీసుకోవాలి. ఒకరిద్దరు మనసు మార్చుకున్నా," అంటూ తలుపు వైపు చూడకుండానే చూశారు, "మిగిలినవాళ్ళం ఉన్నాం. నిజాన్ని నిర్భయంగా గోడ మీద రాసిన పిల్లలు వీళ్ళు."

"బాగా చెప్పారు!" అన్నాడు బేకరీ మావయ్య. "నిజం గిట్టనివాళ్ళు వెళ్ళొచ్చు. ఎవరు పట్టుకున్నారు?"

చప్పట్లు మోగాయి. డాక్టరమ్మగారు సంచీ కాడని గట్టిగా పట్టుకున్నారు, అంతే. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ చప్పట్లు విన్నప్పుడు నా ప్రాణం లేచొచ్చింది. తాళంచెవి మాస్టారి చేతిలోనే మెరుస్తోంది. పక్కనున్న దాని మోచేతిని నొక్కి "రేపే" అని గొణిగాను.

అది నా చెయ్యి తీసి, నా ఒళ్ళోనే జాగ్రత్తగా పెట్టి, లేచి వెళ్ళింది.

"డాక్టరమ్మగారి ఫ్రిజ్జులో ఉన్నది పది కాదండీ" అంది మైకు లేకుండానే. "ఏడు. తప్పు మేం చేశాం. ఎలా చేశామో చూపిస్తాను."

అది బల్ల మీద రెండు స్టీలు గిన్నెలు పెట్టింది. ఒకదాంట్లో మేము రోజూ వాడే ముక్కలు, నీళ్ళు. రెండోదాంట్లో బాబాయ్ అక్కడికక్కడే సుత్తితో పగలగొట్టిన దిమ్మె ముక్కలు, నీళ్ళు. మీటరుని మొదటి గిన్నెలో ముంచింది. అంకె తగ్గుతూ తగ్గుతూ సున్నా దగ్గర నిలిచింది. తీసి, తుడిచి, రెండో గిన్నెలో ముంచింది. అందరూ మెడలు చాచి చూశారు. మూడు దగ్గర ఆగింది. అది ఎంతసేపు కలిపినా మూడు దాటి కిందకి రాలేదు.

"ఈ మంచి ఐసే అసలు సున్నా. మేము ఆ ఉప్పు తగిలిన దాన్ని సున్నా అనుకున్నాం. కాబట్టి ప్రతిచోటా మూడు ఎక్కువ చెప్పాం."

బేకరీ మావయ్యకి నమ్మకం కుదరలేదు. లేచి వచ్చి మొదటి గిన్నెలో ముక్క తీసి నోట్లో వేసుకుని, మొహం వికారంగా పెట్టి, ఉమ్మడానికి చోటు దొరక్క మింగేశాడు. ఇంకోరోజైతే నేను పడీ పడీ నవ్వేదాన్ని.

"ఉప్పే" అన్నాడు నీరసంగా, వెళ్ళి కూర్చుని.

జ్వరం గోడ దగ్గరికి వెళ్ళి, కాగితం చింపడానికి అంచు పట్టుకుంది.

"చింపకు."

డాక్టరమ్మగారి గొంతు అది. లేచి నిలబడి ఉన్నారు.

"చింపితే రేపు నువ్వే మర్చిపోతావు. పది మీద అడ్డంగా ఒక గీత కొట్టు. పక్కన ఏడు రాయి. ఎందుకు మారిందో కింద రాయి."

పిల్ల అలాగే రాసింది. 'ఉప్పు' రెండుసార్లు రాయాల్సి వచ్చింది. రాసి, వెనక్కి తిరిగి, "నన్ను క్షమించండి డాక్టరమ్మా. ఆ రోజు మీ థర్మామీటరుని చూసి నవ్వాను కూడా" అంది.

ఆవిడ నడుచుకుంటూ బల్ల దాకా వచ్చారు. కొడతారో తిడతారో అని నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ గిన్నెలు రెండిటినీ చూశారు, మీటరు తీసుకుని తనే రెండింట్లోనూ ముంచి చూసుకున్నారు. తర్వాత అక్కడున్న కుర్చీలో కూర్చున్నారు. ఆవిడకి అంత వయసుందని నాకు ఆ నిమిషం దాకా తెలియలేదు.

"ఆ మందులన్నీ నేను పారేశాను" అన్నారు.

ఎవరికీ అర్థం కాలేదు.

"మీ గదికొచ్చి అరిచిన రోజే. ఇంటికెళ్ళి, ఫ్రిజ్జులో ఉన్న టీకా మందు మొత్తం తీసి పారేశాను. ఒక్క సీసా ఉంచలేదు. కొత్త సరుకు ఇంకా రాలేదు. అప్పట్నుంచి మా గుమ్మంలోకి వచ్చిన ఆ కొద్దిమంది తల్లుల్ని కూడా నేనే తిప్పి పంపుతున్నాను. సిగ్గుతో తలుపులేసుకున్నానని ఊళ్ళో అనుకుంటున్నారట. అనుకోనీ."

నేను ఆగలేకపోయాను. "అదేంటండీ! మా అంకె అబద్ధమని మీరే కదా మామీద విరుచుకుపడ్డారు! నమ్మనప్పుడు ఎందుకు పారేశారు?"

"అరిచింది నా పరువు కోసమమ్మా" అన్నారు ఆవిడ నావైపు తిరిగి. "పారేసింది ఈ పిల్లని నమ్మి. మైక్రోస్కోపు ముందు దీన్ని నేను చూశాను. ఒక్కో గాజు పలకని మూడుసార్లు చూస్తే గానీ నోరు విప్పదు. నా థర్మామీటరు ఏడంటోంది, ఇది పదంటోంది. నాది పాతది. ఇది తప్పు చెప్పదనుకున్నాను."

పొగడ్త లాంటి ఆ మాటకి మా పిల్ల మొహం పాలిపోయింది. అంతదాకా ఏడవనిది, అక్కడే నిలబడి, చేతుల్లో మొహం దాచుకోకుండా ఏడ్చింది. మా అంకె ఎవరూ నమ్మరేమోనని మధ్యాహ్నం నుంచీ నేను భయపడి చస్తున్నాను. ఒకరు నమ్మితే ఏమవుతుందో నాకప్పటిదాకా తట్టనే లేదు.

వెనక వరసలో ఒక తల్లి, చంకలో పిల్లని సర్దుకుంటూ లేచింది. "మాకు తెలీదమ్మా" అంది డాక్టరమ్మతో, తల దించుకుని. బేకరీ మావయ్య తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. లైబ్రరీ మాస్టారి చేతిలో తాళంచెవి ఎటూ పోకుండా అలాగే ఉండిపోయింది.

"కొత్త సరుకు రెండ్రోజుల్లో వస్తుంది. పిల్లలకి కాస్త ఆలస్యమైంది, అంతే. ఏడుపు ఆపు" అన్నారు డాక్టరమ్మగారు. మాట కటువుగానే ఉంది కానీ సంచీలోంచి రుమాలు తీసి ఇచ్చారు. "ఇప్పుడు అసలు సంగతి చెప్పు. ఇలా మూడు ఎక్కువ చెప్పే మీటర్లు ఇంకా ఎక్కడెక్కడ ఉన్నాయి?"

"లైబ్రరీలో ఒకటి..." ముక్కు తుడుచుకుంటూ మొదలెట్టింది. "అది గది వేడి చూడ్డానికే. డిపోలో ఒకటి, అదీ అంతే. ఇంకొకటి..."

ఆగిపోయింది. నావైపు చూసింది. నేను దానివైపు చూశాను. రాలేనని కబురు పంపిన మనిషి, ఈ హాలులో లేని ఆ ఒక్క మనిషి, గుడ్ల పిన్ని. ఆవిడ పెట్టెలో పాత గాజు థర్మామీటరు తీసేయించి, పొదగని గుడ్లకి బదులుగా మా పిల్లల మీటరు పెట్టించింది ఎవరనుకున్నారు? నేనే. ఊరంతా చాటింపు వేసుకున్నది కూడా నేనే.

ఫోను తీసి నొక్కాను. ఆవిడ వెంటనే ఎత్తింది. నేను హలో అనేలోపే అందుకుంది.

"వదినా! నీకు నూరేళ్ళు. నేనే చేద్దామనుకుంటున్నా. మీ పిల్లల మీటరు బంగారమనుకో! ఇన్నాళ్ళూ గుడ్లని ఉడకబెట్టేస్తున్నానని అది చెప్పేదాకా తెలియనే లేదు. అది చెప్పినట్టే వేడి తగ్గించేశాను. రోజులు కూడా దగ్గరపడ్డాయిగా, మంచం పెట్టె పక్కనే వేసుకున్నా."

ఆవిడ గొంతు కాస్త తగ్గించింది.

"ఒక్కటే అనుమానం వదినా. నిన్న చెవి పెట్టి వింటే లోపల్నుంచి కిచకిచలు వినిపించాయి. ఇవాళ పొద్దుట్నుంచి ఒక్కటీ పలకట్లేదు. అలా ఉంటుందంటావా? మన జ్వరాన్ని అడిగి చెప్పవూ?"

జ్వరం నా పక్కకి వచ్చి నిలబడి ఉంది. ఫోనులోంచి ఆవిడ ప్రతి మాటా దానికి వినబడింది. రుమాలు బల్ల మీద పెట్టి, చెయ్యి చాచింది.

"ఇటివ్వత్తా."

ఈసారి రేపు అనలేదు నేను. ఇచ్చేశాను.

"పిన్నీ, నేను" అంది అది. "ముందు వేడి పెంచు. ఇంతకుముందు ఎంత పెట్టేదానివో అంతే పెట్టు, మా మీటరు చూడకు. దాన్ని తప్పుగా చేసింది నేనే పిన్నీ. నీ గుడ్లు చలిలో ఉన్నాయి."

డాక్టరమ్మగారు అప్పటికే సంచీ భుజాన వేసుకుని, కారు తాళాలు తీసి తలుపు దగ్గర నిలబడ్డారు. ఐసు బాబాయ్ సుత్తి కింద పెట్టాడు. హాలంతా ఆ ఫోను వైపే చూస్తోంది.

అవతల నుంచి పెట్టె ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.